తైమూర్ 'ఆత్మకథ'ను ఎంతవరకు నమ్మొచ్చు?

ఓరుగల్లు_వాసి

అందరికీ నమస్కారం. మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మా బాబాయి ఒక పొడుగాటి మెసేజ్ పెట్టాడు. 1398లో ఢిల్లీ మీదికి వచ్చిన తైమూర్ తన చేత్తో తానే రాసుకున్నాడట. లక్ష మంది బందీల్ని చంపించడం, ఊరు దోచుకోవడం, అన్నీ 'నేను ఆజ్ఞాపించాను, నేను చూశాను' అనే ధోరణిలో ఉన్నాయి. కింద 'మల్ఫూజాతె తైమూరీ' అని ఆధారం కూడా ఇచ్చారు. మా బావ వెంటనే "అది దొంగ పుస్తకం, తైమూర్ రాయలేదు" అని పెట్టాడు. "అంటే ఊచకోత జరగలేదా?" అని బాబాయి. రాత్రి పదకొండు దాకా ఇదే. నేను గ్రూప్-2కి చదువుతున్నానని తీర్పు నా నెత్తిన పెట్టారు. ఇందులో నిజమేంటి?

పాతప్రతి

మీ బావ చెప్పింది నిజం, మీ బాబాయి అడిగిందీ న్యాయం. రెండిటినీ కలిపేయడం వల్లే రాత్రి పదకొండయింది.

ముందు పుస్తకం సంగతి. తైమూర్ 1405 ఫిబ్రవరిలో మధ్య ఆసియాలోని ఒత్రార్‌లో చనిపోయాడు. ఆ తర్వాత రెండు వందల ఏళ్ల పైచిలుకు అతనికి ఆత్మకథ ఉందని ఎవరూ అనలేదు. షాజహాన్ కాలంలో అబూ తాలిబ్ హుసైనీ అనే ఆయన మొఘల్ దర్బారుకు ఒక ఫారసీ పుస్తకం పట్టుకొచ్చాడు. యెమెన్‌ను ఏలిన జాఫర్ పాషా పుస్తకాల గదిలో తుర్కీ మూలం దొరికిందనీ, దాన్ని తాను ఫారసీలోకి దించాననీ చెప్పాడు. ఆ తుర్కీ మూలాన్ని అప్పుడూ ఎవరూ చూడలేదు, ఇప్పటిదాకా దొరకలేదు.

ఇంకో చిత్రం. షాజహాన్‌కే అనుమానం వచ్చింది. 1637లో ముహమ్మద్ అఫ్జల్ బుఖారీ అనే పండితుణ్ణి పిలిచి, దీన్ని జఫర్‌నామాతో పోల్చి చూడు, అబూ తాలిబ్ కలిపినవి తీసెయ్, వదిలేసినవి చేర్చు అని పురమాయించాడు. జఫర్‌నామా అంటే తైమూర్ పోయిన 20 ఏళ్లకు షరఫుద్దీన్ అలీ యజ్దీ రాసిన చరిత్ర. దాన్ని చూసి దిద్దారు కాబట్టి 'ఆత్మకథ'లో చాలా భాగం యజ్దీ చెప్పిందే, 'ఆయన' ఉన్నచోటల్లా 'నేను' చేరింది.

ఓరుగల్లు_వాసి

మరి ఇంత తెలిసీ దీన్ని ఇన్ని పుస్తకాల్లో ఎందుకు వాడారండీ?

పాతప్రతి

ఇంగ్లీషులోకి ముందే వచ్చేసింది కదా. ఇదే కట్టలోని 'తుజుకాత్', అంటే పాలనా సూత్రాల భాగం, మేజర్ డేవీ అనువాదంతో 1783లో ఆక్స్‌ఫర్డ్‌లో అచ్చయింది. 'మల్ఫూజాత్'ను మేజర్ చార్లెస్ స్టీవర్ట్ 1830లో తెచ్చాడు. 1871లో ఎలియట్, డౌసన్‌లు ఫారసీ చరిత్రల నుంచి ఇంగ్లీషులో వేసిన సంకలనం మూడో సంపుటంలో భారత దండయాత్ర భాగం వేశారు. మన కాలేజీ పుస్తకాలు, ఆ తర్వాత ఇంటర్నెట్, అన్నీ అక్కడి నుంచే ఎత్తుకున్నాయి. మీ బాబాయి మెసేజ్ కూడా ఆ సంపుటం నుంచి వచ్చిందే అయ్యుంటుంది.

డౌసన్ ఈ పుస్తకం అసలుదేనని వాదించాడు. ఇంత నిర్మొహమాటంగా వేరొకడు రాయలేడన్నది ఆయన పాయింటు. 1879లో బ్రిటిష్ మ్యూజియం ఫారసీ ప్రతుల జాబితా తయారుచేసిన చార్లెస్ రియూ దీని మీద అనుమానం వెలిబుచ్చాడు. ఆ తర్వాత తైమూర్ మీద పనిచేసినవాళ్లు దాదాపుగా దీన్ని పక్కన పెట్టేశారు. నేటి చరిత్రకారుల పేర్లు కావాలనే చెప్పడం లేదు. చెబితే థ్రెడ్ వాళ్ల రాజకీయాల మీదికి మళ్లుతుంది. రియూ 1879 మనిషి, ఆయనకు మన గొడవలతో పని లేదు.

శేషు_నెల్లూరు

చాలా బాగుంది. ఇబ్బంది పెట్టే పుస్తకం ఏదైనా 'దొంగది' అయిపోతుంది. రేపు ఊచకోత కూడా దొంగదే అంటారు. ఇది నేను చాలాసార్లు చూశాను పాతప్రతి గారూ. మొదట ఆధారాన్ని కొట్టేస్తారు, పదేళ్లకు సంఘటననే కొట్టేస్తారు.

పాతప్రతి

శేషు గారూ, మీ భయం నాకు అర్థమైంది. కానీ ఇక్కడ సంఘటన ఈ పుస్తకం మీద ఆధారపడి లేదు. 'మల్ఫూజాత్'ను కాల్చేసినా ఢిల్లీ ఊచకోత చెక్కుచెదరదు.

తైమూర్ బతికుండగానే నిజాముద్దీన్ షామీ చేత తన చరిత్ర రాయించుకున్నాడు, అది 1404కు పూర్తయింది. భారత దండయాత్ర మీద గియాసుద్దీన్ అలీ అనే ఆయన ప్రత్యేకంగా ఒక రోజునామా రాశాడు. తర్వాత యజ్దీ. వీళ్లంతా తైమూర్ వంశం ఉప్పు తిన్నవాళ్లు, పొగడటానికే కూర్చున్నవాళ్లు. బందీల హత్యను వాళ్లు దాచలేదు, గొప్పగా చెప్పుకున్నారు. ఇటువైపు ఢిల్లీలో 1434 ప్రాంతంలో తారీఖె ముబారక్‌షాహీ రాసిన యాహ్యా సర్హిందీ ఉన్నాడు. దెబ్బ తిన్న ఊరి మనిషి. ఆయనా రాశాడు. తైమూర్ వెళ్లాక నగరంలో కరువు, రోగాలు వచ్చాయని కూడా రాశాడు.

ఒక చోటు దగ్గరగా చూడండి. 1398 డిసెంబరు 17న సుల్తాన్ మహమూద్ తుగ్లక్, మల్లూ ఇక్బాల్‌ల సైన్యంతో యుద్ధం. దానికి కొద్ది రోజుల ముందు, యుద్ధం మధ్యలో బందీలు తిరగబడతారేమోనని భయపడి అందర్నీ చంపమన్నారు. ఆ దళంలో మౌలానా నాసిరుద్దీన్ ఉమర్ అనే పండితుడు ఉన్నాడు. జీవితంలో చిన్న ప్రాణిని కూడా చంపని మనిషి, ఆ రోజు తన వంతుకు వచ్చిన 15 మంది బందీలను చంపించాడని యజ్దీ రాశాడు. అదే మౌలానా, అదే 15 మంది 'మల్ఫూజాత్'లోనూ ఉన్నారు. మీ వాట్సాప్ మెసేజ్‌లోనూ ఉండే ఉంటారు. కాబట్టి ఆ ముక్క చెప్పాలనుకుంటే యజ్దీ పేరు పెట్టి చెప్పండి, ఎవరూ వేలెత్తి చూపలేరు. తైమూర్ స్వయంగా చెప్పాడంటే మాత్రం మొదటి అడుగులోనే దొరికిపోతారు. అప్పుడు మీరన్నట్టే జరుగుతుంది. పుస్తకం దొంగదని చూపించి సంఘటనను కూడా దులిపేస్తారు.

ఓరుగల్లు_వాసి

అవునండీ, ఆ మౌలానా మెసేజ్‌లో ఉన్నాడు!

శేషు_నెల్లూరు

సరే, ఇది ఒప్పుకోదగ్గ మాటే. లక్ష సంగతి?

పాతప్రతి

లక్ష యజ్దీలోనూ ఉంది. నా మటుకు నేను దాన్ని 'లెక్కపెట్టలేనంత మంది' అనే చదువుకుంటాను. ఆ కాలపు దర్బారు చరిత్రల్లో గుండు సంఖ్యలు కనిపిస్తే ఎవరో కూర్చుని లెక్కించారని అనుకోకూడదు. బందీలు ఎక్కువమంది ఉన్నారు, చంపేశారు, అంతవరకు గట్టి నేల. సంఖ్య దగ్గర నేల మెత్తబడుతుంది.

జహీర్_పాతబస్తీ

సలాం. ఆలస్యంగా వచ్చాను, కానీ ఈ థ్రెడ్‌కి హైదరాబాద్ నుంచి ఒక సాక్షిని తేవాలి.

దొంగ ఆత్మకథ ఎలా ఉంటుందో తెలియాలంటే అసలుది పక్కన పెట్టి చూడాలి. బాబర్‌నామా అసలుది. చగతాయ్ తుర్కీలో బాబర్ తానే రాశాడు. ఇప్పుడు దొరుకుతున్న తుర్కీ ప్రతుల్లో బాగా నిండుగా ఉన్నది మన సాలార్‌జంగ్ గారి గ్రంథాలయంలో బయటపడింది. అనెట్ బెవరిడ్జ్ దాన్ని 1905లో ఉన్నదున్నట్టు ఫొటో ప్రతిగా అచ్చు వేయించింది. ప్రపంచమంతా దాన్ని 'హైదరాబాద్ ప్రతి' అనే పిలుస్తుంది. తర్వాత ఆమె చేసిన ఇంగ్లీషు అనువాదానికి ఆధారం అదే.

అందులో ఎన్ని ఖాళీలున్నాయో! 1508 నుంచి 1519 దాకా అసలు లేదు. 1520 నుంచి 1525 దాకా లేదు. 1529 సెప్టెంబరులో ఠక్కున ఆగిపోతుంది. కల్పించేవాడు అలా వదిలేస్తాడా? 11 ఏళ్లు ఏం జరిగిందో హాయిగా కల్పించి నింపేస్తాడు.

1529 వేసవి నాటి ఒక రాత్రి నాకు చాలా ఇష్టం. బాబర్ కూర్చుని రాసుకుంటున్నాడు. ఉన్నట్టుండి గాలివాన. గుడారం నెత్తిన కూలింది. కాగితాలు, పుస్తకం నీళ్లలో తడిసి ముద్దయ్యాయి. అవన్నీ ఏరి ఉన్ని గుడ్డలో చుట్టి, పైన దుప్పట్లు కప్పారు. తర్వాత నిప్పు రాజేసుకుని తెల్లారేదాకా ఆ కాగితాలు ఆరబెట్టుకుంటూ కూర్చున్నాడు. ఈ సంగతి రాయడం వల్ల ఎవరికీ లాభం లేదు. ఏ వంశానికీ కీర్తి రాదు. అందుకే నమ్ముతాను.

శేషు_నెల్లూరు

జహీర్ భాయ్, గుడారం కథ బాగుంది. కానీ అసలు ఆత్మకథ అంటే మంచి మనిషి బయటపడతాడని అర్థం కాదు కదా?

జహీర్_పాతబస్తీ

ఎవరన్నారు శేషన్నా? 1519లో బజౌర్ కోట పట్టుకున్నాక మూడు వేల మందికి పైగా చంపించానని, తలలతో గోపురం కట్టించానని బాబరే రాసుకున్నాడు. తోటలు, ఖర్బూజాల గురించి రాసిన చేత్తోనే. అసలు పుస్తకంలో అన్నీ నిజాలే ఉంటాయని కూడా కాదు. పానిపట్‌లో తన సైన్యం 12 వేలు, ఇబ్రాహీం లోడీది లక్ష, వెయ్యి ఏనుగులు అంటాడు. ఎదుటివాడి లెక్క చెప్పేటప్పుడు ఏ విజేతైనా చేసే పనే.

కానీ అదే బాబర్ హిందుస్తాన్‌లోని రాజుల్ని వరుసగా చెబుతూ, ముస్లిమేతర రాజుల్లో రాజ్యం, సైన్యం రెండిట్లోనూ పెద్దవాడు విజయనగర రాజు అని రాశాడు. 1526 ప్రాంతంలో అక్కడ గద్దె మీద ఉన్నది మన కృష్ణదేవరాయలు. బాబర్‌కు ఆయన్ని పొగడాల్సిన అవసరం లేదు. దూరం నుంచి విన్నదే రాశాడు. నాకైతే వెయ్యి ఏనుగుల కన్నా ఈ వాక్యమే గట్టి ఆధారం.

మొల్ల_టీచర్

రాయలవారి పేరు వచ్చింది కాబట్టి నేనూ ఒక మాట అంటాను. ఇలాంటి కేసు మన తెలుగులోనే ఉంది. మా బీఏ పిల్లలకు చెబుతుంటాను.

'రాయవాచకము' తెలుసు కదా. మధుర నాయకుడైన విశ్వనాథ నాయకుడి స్థానాపతి, అంటే రాయబారి, విజయనగరంలో ఉండి, రాయల ఆస్థానంలో జరిగినవన్నీ చూసి తన యజమానికి విన్నవించుకున్నట్టు ఉంటుంది. అప్పాజీ మంతనాలు, గూఢచారుల కబుర్లు, కళింగ దండయాత్ర. వచనం చదువుతుంటే పక్క గదిలో కూర్చుని వింటున్నట్టే అనిపిస్తుంది. చాలాకాలం దాన్ని సమకాలీన రచన అనే వాడుకున్నారు. ఫిలిప్ వాగనర్ దాన్ని అనువదిస్తూ, ఇది రాయల తర్వాత దాదాపు 70 ఏళ్లకు, 1600 ప్రాంతంలో మధుర నాయకుల దర్బారులో పుట్టిందని వాదించాడు. విజయనగరం కూలాక, 'మేము ఆ సింహాసనానికి వారసులం' అని చెప్పుకోవాల్సిన నాయకులకు పనికొచ్చే పుస్తకం అన్నమాట.

అంటే అక్కడ తైమూర్, ఇక్కడ రాయలు. అక్కడ షాజహాన్, ఇక్కడ మధుర నాయకులు. ఒకరిని తిట్టి ఒకరిని వదిలేస్తే పిల్లలు అడగరా?

శేషు_నెల్లూరు

టీచరమ్మా, రాయవాచకాన్ని పక్కన పెడితే రాయల దండయాత్రలకు ఇంకేం మిగులుతుంది?

మొల్ల_టీచర్

చాలా మిగులుతుందండీ. రాళ్లు మిగులుతాయి. 1513 నుంచి తిరుమల శాసనాలున్నాయి. ఉదయగిరి గెలిచాక 1514లో స్వామికి చేసిన సమర్పణలున్నాయి. కొండవీడు 1515. సింహాచలంలో 1516 నాటి శాసనం ఉంది. తేదీలు వేసి, రాతి మీద చెక్కి, జనం తిరిగే గుడిలో పెట్టారు. వాటిలో బిరుదుల పొగడ్తలు వదిలేసినా 'ఎప్పుడు, ఎక్కడ' అనేది నిలబడుతుంది.

ఇక రాయల సొంత గొంతు కావాలంటే ఆముక్తమాల్యద పీఠిక ఉంది. కళింగం మీదికి వెళ్తూ విజయవాడలో దిగి, కృష్ణా తీరంలోని శ్రీకాకుళంలో ఏకాదశి ఉపవాసం ఉండగా ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడని చెప్పుకుంటాడు. కల నిజమో కాదో చరిత్రకారుడు తేల్చలేడు. దండయాత్ర దారిలో రాజు అక్కడ ఆగాడన్నది మాత్రం తీసుకోవచ్చు. యుద్ధాల గురించి ఏం దాచాడో ఆ పీఠిక చెప్పదు, అది కావ్యం మరి.

బాల్టిమోర్_బాబు

ఇక్కడ మా ఊళ్లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ గ్రంథాలయంలో యజ్దీ జఫర్‌నామా ప్రతి ఒకటి ఉంది. 1467 నాటిది. పేరుమోసిన చిత్రకారుడు బిహ్‌జాద్ వేసినవని చెప్పే బొమ్మలతో. ఒకప్పుడు మొఘలుల దగ్గర ఉండేది, అందులో జహంగీర్ రాసిన నోటు కూడా ఉంది. నేను అడగాలనుకున్నది ఒక్కటే. మొఘలులు తైమూర్ వంశంవాళ్లే. వాళ్లు తాతగారి మీద రాసిన పుస్తకాన్ని ఇంత భద్రంగా దాచుకున్నారు కదా, తాతగారు సొంతంగా రాసిన పుస్తకం ఉంటే దాని ఊసే ఎత్తరా? బాబర్ తన పుస్తకంలో తైమూర్‌ను ఎన్నిసార్లు తలుచుకుంటాడు!

పాతప్రతి

సరిగ్గా పట్టుకున్నారు. అసలు వాదన ఇదే. బాబర్‌కు తెలియదు, యజ్దీకి తెలియదు, తైమూర్ వారసులు ఏలిన హెరాత్‌లోని చరిత్రకారులకు తెలియదు. అబూ తాలిబ్‌కు మాత్రం యెమెన్‌లో దొరికింది. పొలం కొనేటప్పుడు మనం లింకు డాక్యుమెంట్లు అడుగుతాం కదా, మధ్యలో రెండు వందల ఏళ్ల లింకు లేకపోతే ఎంత మంచి పొలమైనా కొంటామా?

తైమూర్ తన దగ్గర జరిగినవన్నీ రాయించి, చదివించుకుని, దిద్దించేవాడని యజ్దీ చెబుతాడు. డౌసన్ లాంటివాళ్లు దీన్ని పట్టుకునే వాదించారు. కానీ గుమాస్తాలు రాసిన నోట్సు వేరు, 'నేను' అంటూ రాసిన ఆత్మకథ వేరు. ఆ నోట్సు సారం ఏమైనా మిగిలితే అది షామీ, యజ్దీల్లో ఉంది. తైమూర్‌కు చదవడం, రాయడం రాదని, చరిత్రలు మాత్రం చదివించుకుని వినేవాడని అతని చరిత్ర రాసిన అరబ్ రచయిత ఇబ్న్ అరబ్‌షా అంటాడు. అన్నట్టు, 'మల్ఫూజాత్' కొన్ని ప్రతుల్లో తైమూర్ తన చావును కూడా తానే చెబుతాడు. ఒత్రార్ చేరడం, ప్రాణం వదలడం, అన్నీ ఉత్తమ పురుషలోనే!

బాల్టిమోర్_బాబు

చచ్చాక కూడా డిక్టేషన్ ఆపలేదన్నమాట 😀

సిరిమువ్వ

నాది కొంచెం వేరే ఉదాహరణ. చావు ఒక్కటే పెట్టుకుని పుస్తకం దొంగదనేయలేం అనిపిస్తోంది. స్పెయిన్‌లో అరగాన్ రాజు మొదటి జౌమె తన చరిత్ర కతలాన్ భాషలో చెప్పి రాయించాడు. 1229లో మల్యోర్కా, 1238లో వాలెన్సియా గెలిచినవాడు. ఆయన 1276లో పోయాడు. ఆ పుస్తకం చివర్లో కూడా ఆయన మరణం ఉంది, ఎవరో పూర్తిచేశారు. అయినా పుస్తకం మొత్తం రాజు గొంతే అని పండితులు ఒప్పుకుంటారు. అందులో ఒక చోట, దండు కదలాల్సిన రోజున గుడారం మీద ఒక చిన్న పిట్ట గూడు పెట్టిందని, పిల్లలతో ఎగిరిపోయేదాకా గుడారం విప్పవద్దన్నానని చెబుతాడు. ఊళ్లకు ఊళ్లు ముట్టడించిన మనిషి!

పాతప్రతి

ఒప్పుకుంటాను. చావు ఒక్కటే చాలదు. ఎవరు పూర్తిచేశారు, ఎప్పుడు, పాత ప్రతి ఎక్కడుంది అన్నది చూడాలి. జౌమె పుస్తకానికి ఆయన పోయిన 37 ఏళ్లకే, 1313లో లాటిన్ రూపం తయారైంది. 1343 నాటి కతలాన్ ప్రతి ఉంది. తైమూర్ పుస్తకానికి ఆ గొలుసే లేదు. తేడా అక్కడుంది.

కిరణ్_వీడియోస్

తైమూర్ సమాధి శాపం గురించి ఎవరూ మాట్లాడరేంటి? 1941లో తెరిచారు, యుద్ధం వచ్చింది. ఈ వీడియో చూడండి, మైండ్ బ్లాంక్.

నిర్వాహకుడు

వీడియో లింకు తీసేశాం. శాపాల విభాగం వేరే ఉంది.

పాతప్రతి

శాపం సంగతి వదిలేద్దాం కానీ సమాధి పనికొస్తుంది. 1941 జూన్‌లో సోవియట్ శాస్త్రవేత్త గెరాసిమోవ్ బృందం తైమూర్ రాజధాని సమర్కంద్‌లో ఎముకలు పరీక్షిస్తే కుడి కాలు, కుడి చెయ్యి దెబ్బతిన్నట్టు తేలింది. అరబ్ చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ 1401లో డమాస్కస్ బయట తైమూర్‌ను కలిశాడు. కోట తలుపులు మూసి ఉంటే తాళ్లతో గోడ దిగి వెళ్లాడు పెద్దాయన. కుడి మోకాలు పనిచేయదని, దగ్గర దూరమైతే ఈడ్చుకుంటూ నడుస్తాడని రాశాడు. ఎముక ఆయన మాటను బలపరిచింది. ఆ దెబ్బ ఎలా తగిలిందో ఎముక చెప్పదు. గొర్రెలు దొంగిలిస్తూ తిన్న దెబ్బ అని ఇబ్న్ అరబ్‌షా అంటాడు. ఆయన చిన్నప్పుడు డమాస్కస్ నుంచి బందీగా వెళ్లినవాడు, తైమూర్ అంటే మంట. దర్బారువాళ్లు యుద్ధంలో తగిలిందన్నారు. పొగిడేవాడికీ తిట్టేవాడికీ చెరో కథ.

కళ్లతో చూసినవాళ్లలో నాకు బాగా నచ్చేది క్లావిహో. 1404లో సమర్కంద్ వచ్చిన కాస్తీల్ రాయబారి. భారతదేశం నుంచి తెచ్చిన ఏనుగులకు రంగులు పూసి ఊరేగించడం చూశాడు. కడుతున్న కట్టడం దగ్గరికి తైమూర్ పల్లకీలో వచ్చి, గోతిలో పనిచేసేవాళ్ల మీదికి వండిన మాంసం, డబ్బులు విసరడం చూశాడు. ఢిల్లీ నుంచి రాతిపనివాళ్లను పట్టుకుపోయారని తెలిశాక ఆ గోతి సీను ఇంకోలా కనిపిస్తుంది. ఏ 'ఆత్మకథ'లోనూ ఇది దొరకదు.

శేషు_నెల్లూరు

ఒక ప్రశ్న. షాజహాన్ దర్బారు ముత్తాతను గొప్పవాడిగా చూపించాలనుకుంటే ఊచకోత ఎందుకు ఉంచింది? తీసేయొచ్చు కదా?

పాతప్రతి

మంచి ప్రశ్న. ఎందుకంటే 1637లో ఆగ్రా వాళ్లకు అది మచ్చగా కనిపించలేదు, అందుకే ఉంచారు. బందీల దగ్గర 'నేనే చంపమన్నాను' అనే ఉంది. కానీ ఢిల్లీ నగరం దోపిడీ దగ్గరికి వచ్చేసరికి స్వరం మారుతుంది. కాపాడాలనుకున్నాను, నావల్ల కాలేదు, దైవ నిర్ణయం అలా ఉంది అని తైమూర్ చేత అనిపించారు. చక్రవర్తి ఆజ్ఞ మీరి సైన్యం చెలరేగిందని చెప్పడం ఇద్దరికీ బాగుంటుంది కదా, తైమూర్‌కూ, ఢిల్లీని ఏలుతున్న అతని వారసుడికీ.

షాజహాన్ గద్దెనెక్కగానే తనను 'రెండో సాహిబ్ కిరాన్', అంటే శుభగ్రహాల కలయికకు అధిపతి, అని పిలిపించుకున్నాడు. మొదటివాడు తైమూర్. సమర్కంద్ మాది అనే కోరిక ఆ వంశంలో ఎప్పుడూ చావలేదు. 1646లో బల్ఖ్ మీదికి సైన్యం కూడా పంపాడు. అలాంటి దర్బారుకు అబూ తాలిబ్ పుస్తకం ఎంత ముద్దొచ్చి ఉంటుందో ఊహించుకోండి. అందుకే ఈ పుస్తకాన్ని చెత్తబుట్టలో వేయమని నేను అనను. 1398కి పనికిరాదు. 1637కి మాత్రం చక్కని ఆధారం.

జహీర్_పాతబస్తీ

అటువైపు వాళ్ల దొంగ కాగితం గురించి కూడా చెప్పాలి, లేకపోతే శేషన్న నన్ను వదలడు. బాబర్ హుమాయూన్‌కు రాసిన రహస్య వీలునామా అని ఒకటి తిరుగుతుంది. గోవధ వద్దు, గుళ్ల జోలికి పోవద్దు అని. భోపాల్‌లో దొరికిన పత్రం. మతసామరస్యం సభల్లో నేనే రెండుసార్లు విన్నాను. అనెట్ బెవరిడ్జ్ దాన్ని కల్పితమనే అంది. మంచి మాటలున్నాయని అసలుదైపోదు.

జహంగీర్‌కూ ఇదే జరిగింది. మేజర్ ప్రైస్ 1829లో అనువదించిన జ్ఞాపకాలు కల్తీ ప్రతి నుంచి వచ్చినవి. బంగారం, వజ్రాల విలువలు ఆకాశాన్నంటుతాయి. చక్రవర్తి కాదు, నగల వ్యాపారి రాసినట్టుందని ఎలియటే ఎగతాళి చేశాడు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అచ్చు వేసిన అసలు పాఠం నుంచి రోజర్స్, బెవరిడ్జ్‌ల అనువాదం తర్వాత వచ్చింది. మీరు జహంగీర్ మాట ఎక్కడైనా చూస్తే అది 1829దా, 1909 తర్వాతదా అని చూసుకోండి.

శేషు_నెల్లూరు

వీలునామా సంగతి చెప్పినందుకు థాంక్స్ భాయ్. ఇది మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకాయన నెలకోసారి పెడతాడు. ఇక నా టర్న్.

ఓరుగల్లు_వాసి

అందరికీ పేరుపేరునా థాంక్స్. గ్రూపులో ఇలా పెట్టబోతున్నా, చూసి చెప్పండి:

"బాబాయ్, ఢిల్లీ దగ్గర బందీలను చంపడం నిజమే. తైమూర్ వంశం దర్బారు చరిత్రకారుడు యజ్దీ రాశాడు. ఢిల్లీలో సర్హిందీ కూడా రాశాడు. కానీ నువ్వు పెట్టిన పుస్తకం తైమూర్‌ది కాదు, 1637 ప్రాంతంలో షాజహాన్ దర్బారులో బయటికొచ్చింది. లక్ష అనేది గట్టి లెక్క కాదు. బావా, పుస్తకం దొంగదని చెప్పి ఆగిపోవద్దు, మిగతాది కూడా చెప్పాలి."

మొల్ల_టీచర్

బాగుంది బాబూ. 'బావా' వాక్యం కొంచెం మెత్తగా రాయి, పెళ్లిళ్ల సీజన్.

శేషు_నెల్లూరు

'గట్టి లెక్క కాదు' అన్నచోట 'చాలామంది అన్నది గట్టిది' అని కూడా చేర్చు తమ్ముడూ. లేకపోతే మీ బావ ఆ ఒక్క ముక్కే కట్ చేసి స్టేటస్ పెట్టుకుంటాడు.

ఓరుగల్లు_వాసి

చేర్చాను అన్నా. ఇంకొకటి. మాది వరంగల్ కదా, 1323లో మా కోట పట్టుకున్న ఉలూగ్ ఖాన్, అదే మహమ్మద్ బిన్ తుగ్లక్, ఆయన కూడా ఆత్మకథ రాశాడని ఎక్కడో చదివాను. అది అసలుదా?

పాతప్రతి

'తబకాతె నాసిరీ' అనే పాత ఫారసీ చరిత్ర ప్రతి ఒకదాని చివర కుట్టేసిన నాలుగు పుటల ముక్క అది. ప్రతి బ్రిటిష్ మ్యూజియంకు చేరింది. దేవుడి మీద తనకొచ్చిన సందేహాలు, ఖలీఫా గుర్తింపు కోసం పడ్డ తపన, ఇలాంటివి ఉంటాయి. చరిత్రకారుడు ఆఘా మెహదీ హుసేన్ నిజమైనదనే వాడుకున్నారు, ఇతరులు అనుమానించారు. తైమూర్ పుస్తకం లాగా ఒక్క దెబ్బకు తేలేది కాదు. రేపు వేరే థ్రెడ్ తెరుస్తాను. జహీర్ గారూ, మీరు ఫారసీ పాఠం చూసి వస్తే బాగుంటుంది.

జహీర్_పాతబస్తీ

ఆదివారం దాకా టైమివ్వండి.